నీరటి దూప

ఆ ఎండాకాలం మా ఇంట్లో నీళ్ళకు తాళం వేశాను. ఊళ్ళో కరువేమీ లేదు. పొద్దున్నే నల్లా వచ్చేది, చెరువులో నీళ్ళు ఇంకా మిగిలే ఉన్నాయి. అయినా తాగే నీళ్ళ మట్టి రంజన్‌ను వంటింట్లోకి జరిపి, తలుపుకు తాళం పెట్టి, తాళంచెవి పుస్తెలతాడుకు కట్టుకుని తిరిగాను. దొంగల భయంతో కాదు. ఆ తాళం నన్ను కట్టుకున్నవాడి కోసం.

ఆయన పేరు నాగన్న. బిజినేపల్లి దగ్గర మా ఊరి చెరువుకు నీరటి. తూము తీసి, కాలువ వెంట నడిచి, ఎవరి మడికి ఎంత పారాలో అంత పారించేవాడే నీరటి. వాళ్ళ నాయన చేశాడు, ఆ ముందు తాత చేశాడు. మా ఊళ్ళో కొట్లాటలన్నీ నీళ్ళ దగ్గరే మొదలవుతాయి కాబట్టి ఆయన్ను తిట్టనివాళ్ళు లేరు, బతిమాలనివాళ్ళూ లేరు. ఆయనకొక మొండి పద్ధతి ఉండేది. తూము పక్క మళ్ళకు ముందు ఇచ్చేవాడు కాదు. కాలువ చివరన ఉన్న కొసమడికి మొదట పారించి, అక్కడి నుంచి వెనక్కి వచ్చేవాడు. "తూము కాడోడు ఎట్లన్న తడుపుకుంటడు. కొసకు అందినయా లేదా, గదే నీరటితనం" అనేవాడు.

నేను మా ఊరి బడిలో పిల్లలకు వండిపెడతాను. నోరు పెద్దదని పేరు. ఆ పేరు నాకేమీ అన్యాయంగా రాలేదు.

శివరాత్రి వెళ్ళాక ఒకరోజు ఆయన పొద్దున షుగర్ సూది వేసుకుని కాలువ మీదికి పోయి, కళ్ళు తిరిగి ఒడ్డు మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమటలు. ఎవరో బండి మీద ఎక్కించుకుని ఇంటికి తెచ్చారు. మా వాడకట్టులో ఏసురత్నం ఉన్నాడు. చదివిన డాక్టరు కాదు గాని సూదులు వేస్తాడు, బీపీ చూస్తాడు, జ్వరమొస్తే మేమంతా ముందు అతని గడపే తొక్కుతాం. అతను వేలు గుచ్చి చిన్న మిషన్‌లో చూసి నవ్వాడు.

"నాగన్నా, నీ షుగర్ యాడికి పోయిందే? గింత తక్కువుంటే కండ్లు తిరగక ఏమైతది? సూది సగం చెయ్యి."

సగం చేశాడు. అయినా తక్కువే ఉంది. మొత్తానికే మానేశాడు. అప్పుడు చూపిస్తే మామూలు మనిషికి ఉన్నంతే ఉంది. ఏళ్ళ తరబడి పొట్టలో సూదులు పొడుచుకున్న మనిషి, పండక్కి పాయసం వాసన చూసి బయటికి వెళ్ళిపోయే మనిషి, ఆ మిషన్‌ను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఏం మందు తిన్నవ్, నిజం చెప్పు" అన్నాడు ఏసురత్నం.

"తిప్పతీగ."

చెరువు కట్ట మీద కంపచెట్లకు అల్లుకున్న తిప్పతీగను కోసుకొచ్చి, నూరి, కొంతకాలంగా పొద్దున్నే తాగుతున్నాడు. ఇంకేముంది, ఊరంతా పాకింది. నాగన్న షుగర్ తిప్పతీగతో పోయిందట. షుగర్ ఉన్న ప్రతి మనిషీ మా గుమ్మానికి వచ్చాడు. ఈయన కాలువ పని చూసుకుని వచ్చేటప్పుడు మోపెడు తీగ తెచ్చి అడిగిన వాళ్ళకల్లా పంచేవాడు. ఎట్లా నూరాలో, ఎప్పుడు తాగాలో చెప్పేవాడు. అంత గర్వంగా ఆయన మాట్లాడటం మా పెళ్ళినాడు కూడా చూడలేదు.

నేను బచ్చాలు చేశాను. శనగపప్పు ఉడికించి, బెల్లం వేసి, పూర్ణం మెత్తగా రుబ్బి, నెయ్యి కారేటట్టు కాల్చాను. వాడకట్టులో అందరికీ పంచాను. మా ఇంటి పక్క భీమమ్మవ్వ పళ్ళు లేని నోటితో నములుతూ, "ఒళ్ళు చేసినవ్ కొడుకా. షుగర్ పోయినంక మొఖం నిండుగ కొడుతుంది" అంది. నిజమే, ముఖం గుండ్రంగా అయింది. నేను చూసి మురిసిపోయాను. పాదాలు కూడా ఉబ్బాయి గాని దాన్నెవరు పట్టించుకుంటారు? పొద్దస్తమానం బురదలో, నీళ్ళలో నానే నీరటి పాదాలు ఉబ్బకుండా ఎప్పుడున్నాయి? ఆ పూట ఆయన బచ్చం తిని, వేళ్ళు నాకి, ఇంకొకటి పెట్టమన్నాడు. అంత సంతోషమైన రోజు మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

మా బిడ్డ రోజాను శ్రీరంగాపూర్ ఇచ్చాం. షుగర్ పోయిందని ఫోన్‌లో విని, నాయన్ను చూడాలని వచ్చింది. వచ్చీ రాగానే గుమ్మం దగ్గర ఆగింది.

"నాయినా, చెప్పులు లేకుంట తిరుగుతున్నవేంది?"

"చాలుతలేవు బిడ్డా. పాతవైనయి గద."

"పాతవైతే వదులైతయి గాని బిగుతెట్లయితయి?"

ఆమె కింద కూర్చుని తండ్రి కాలు ఒడిలోకి తీసుకుంది. బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అట్లాగే ఉండిపోయింది, పూర్ణం ముద్దలో వేలు గుచ్చినట్టు. రోజా ఇంకోచోట నొక్కింది. అక్కడా అంతే. మోకాలి దాకా నొక్కుతూ పోయి, తలెత్తి నా ముఖం చూసింది.

"అమ్మా, ఇది ఒళ్ళు చేసుడు కాదే."

మరుసటి రోజే నాగర్‌కర్నూల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. రక్తం తీశారు, ఉచ్చ పట్టుకురమ్మంటే సీసా అడుగైనా తడవలేదు. డాక్టరమ్మ మా రోజా ఈడుదే. రిపోర్టు రెండుసార్లు చదివింది. ఆయన మాత్రం ఊరుకోకుండా, "షుగర్ అయితే పోయిందమ్మా, తిప్పతీగ తోటి" అన్నాడు.

"పోలేదు పెద్దాయనా" అంది ఆమె. "షుగర్ ఇన్నేళ్ళు ఉండి ఉండి మీ కిడ్నీలను తినేసింది. కిడ్నీలు మంచిగున్నప్పుడు, మీరు వేసుకున్న మందైనా, ఒంట్లో ఊరే మందైనా పని చేశాక ఒంట్లో నుంచి వెళ్ళిపోతుంది. ఇప్పుడు వెళ్ళట్లేదు. అక్కడే ఉండిపోయి మళ్ళీ మళ్ళీ పని చేస్తోంది. అందుకే షుగర్ తక్కువ చూపించింది. అది తగ్గిందంటే జబ్బు నయమైందని కాదు, ముదిరిందని."

నాకు బచ్చాలు గుర్తొచ్చాయి. నెయ్యి కారేటట్టు కాల్చి వాడకట్టంతా పంచాను. దేనికి పండగ చేసుకున్నామో అప్పుడు అర్థమైంది. ఏసురత్నం మీద కోపం రాలేదు, మాతోపాటే అతనూ మురిశాడు. తిప్పతీగ మీద వచ్చింది. ఆ పూట చెరువు దగ్గర ఉంటే కట్ట మీద ఒక్క తీగ లేకుండా పీకేద్దును.

ఆయన అడిగాడు. "అంటే తూము బందైంది. గంతేనా అమ్మా?"

డాక్టరమ్మకు మొదట అర్థం కాలేదు. రోజా చెప్పింది, మా నాయిన నీరటి అని. అప్పుడామె తలూపింది. "అవును. తూము బందైంది. ఇక మిషన్ తోటే నీళ్ళు తియ్యాలి, వారానికి మూడుసార్లు. లోపలికి పోయే నీళ్ళు మాత్రం మీ చేతిలో ఉన్నాయి. చాయ్, చారు, మజ్జిగ అన్నీ కలిపి రోజుకు ఇంతే." టేబుల్ మీదున్న అరలీటరు సీసా ఎత్తి చూపింది. "ఎక్కువ తాగితే ఆ నీళ్ళు ఊపిరితిత్తులకు పడతాయి. ఊపిరి ఆడదు."

ఆయన సీసా తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు.

"గీ నీళ్ళు తులసిచెట్టుకు సాలవు కదమ్మా" అన్నాడు.

ఇంటికి వచ్చాక ఆ సీసా నా చేతికిచ్చాడు. "ఇగ నా నీరటివి నువ్వే విజయా. వంతు ప్రకారం పొయ్యి. దొంగతనం చేస్తే గండి కట్టెయ్యి" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఎండలు అప్పటికింకా ముదరలేదు.

మెడ దగ్గర పైపు పెట్టారు. వారానికి మూడుసార్లు జగదీశ్ ఆటోలో పోయి, మిషన్ మీద సగం రోజు పడుకుని, ఉతికి పిండిన బట్టలా తిరిగొచ్చేవాడు. ఆ రోజుల్లో బడిలో వంటకు భీమమ్మవ్వ కోడలిని పెట్టి నేను వెంట పోయేదాన్ని. ఉప్పు లేని కూర వండితే, "గడ్డి మేపుతున్నవా?" అనేవాడు. "ఎద్దువైతే మాటినేటోడివి" అనేదాన్ని. తిండి దగ్గర ఇట్లాంటి సరసాలు నడిచాయి. దూప దగ్గర, ఆ దాహం దగ్గర నడవలేదు.

మా పాలమూరు ఎండ తెలిసినవాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు. తెలియనివాళ్ళకు చెప్పినా తెలియదు. పొద్దు ఎక్కకముందే రేకుల కింద ఇల్లు పొయ్యిలా కాగేది. టీ తాగే చిన్న గ్లాసులో సగం పోసిస్తే, ఆయన దాన్ని నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. మింగడానికి మనసొప్పేది కాదు. పెదాలు పగిలి నెత్తురు కారేది. "ఇంకొక్క గుక్కెడు" అనేవాడు. "అయిపోయింది" అనేదాన్ని. నేను ఆయన ముందు నీళ్ళు తాగడం మానేశాను. బడిలోనే కడుపునిండా తాగొచ్చి, మళ్ళీ బడికి పోయేదాకా ముట్టేదాన్ని కాదు. ఆయనకు తెలియదనే అనుకున్నాను.

తర్వాత దొంగతనం మొదలైంది. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన వాకిట్లో మోకాళ్ళ మీద వంగి ఉన్నాడు. కోళ్ళకు పెట్టిన మూకుడు రెండు చేతులతో ఎత్తి నోటికి పెట్టుకున్నాడు. నన్ను చూసి కింద పెట్టాడు. గడ్డం మీద నుంచి మురికినీళ్ళు కారుతున్నాయి. నేను తిట్టలేదు. ఆ మూకుడు తీసి గోడకేసి కొట్టాను. అప్పుడే వంటింటికి తాళం వేశాను.

తాళం నా ఇంటికే గాని ఊరికి వేయలేను కదా. ఆయన బయటికి పోవడం మొదలుపెట్టాడు. మా ఊళ్ళో మండుటెండలో ఎవరొచ్చి నీళ్ళడిగినా లేదనరు. అడిగింది నాగన్న అయితే చెప్పేదేముంది? ఆయన తడపని మడి లేదు. ఒక గుమ్మంలో చెంబెడు నీళ్ళు, ఒక గుమ్మంలో మజ్జిగ, ఇంకోచోట ఈతకల్లు. ఏ ఇంటికి ఆ ఇల్లు ఒక్క గుక్కెడే కదా పోశామనుకుంది. మిషన్ దగ్గర బరువు తూచినప్పుడు నర్సు నా మీద అరిచింది. "ఏం పోస్తున్నవమ్మా ఈయనకు? చంపుదామనుకున్నవా?"

ఆ సాయంత్రం నేను ఇల్లిల్లూ తిరిగాను. పెళ్ళికి పిలవడానికి పోయినట్టు ఒక్క గుమ్మం వదలకుండా తిరిగి, నా మొగుడికి నీళ్ళివ్వొద్దని చెప్పాను. కొందరు సరే అన్నారు. కొందరు నన్ను ఎగాదిగా చూశారు. భీమమ్మవ్వ మాత్రం చేతిలోని చేట కింద పెట్టి నిలబడింది.

"ఏం మాటనే అది? దూపకొచ్చినోనికి నీళ్ళు లేవనాల్నా? నా నోరెట్లొస్తది?"

"నువ్వు పోస్తే సస్తడు అవ్వా."

"పొయ్యకుంటే ఉంటడా?"

"ఉంటడు. డాక్టరమ్మ చెప్పింది."

"నీళ్ళు తాగి సచ్చినోన్ని నేనెన్నడు చూడలేదు బిడ్డా. నీళ్ళు లేక సచ్చినోళ్ళను మస్తు మందిని చూసిన."

"అవ్వా, నీ కాళ్ళు మొక్కుత" అన్నాను. నిజంగానే వంగి కాళ్ళు పట్టుకున్నాను. ఆమె కళ్ళ నిండా నీళ్ళు తెచ్చుకుని, లోపలికి పోయి తలుపేసుకుంది. అప్పటి నుంచి ఆయన వీధిలోకి వస్తే ఒక్కో తలుపూ మూతపడేది. లేదనలేక అట్లా చేశారు. ఆయన కొన్నాళ్ళు మూసిన తలుపుల ముందు నిలబడి నిలబడి, బయటికి పోవడమే మానేశాడు. ఊరిని ఆయనకు కాకుండా చేసింది నేనే. బతికించుకోవడానికే చేశాను గాని, చేసింది మాత్రం అదే.

చెరువు కింద యాసంగి వరి పాలు పోసుకునే వేళ. ఆఖరి తడి పారితే పంట చేతికొస్తుంది, పారకపోతే తాలు. చెరువులో నీళ్ళు తూము మట్టానికి దిగాయి. నీరటి మంచాన పడ్డాడు కాబట్టి ఎవరికి వాళ్ళే నీరటులయ్యారు. ఒకరోజు పొద్దున కొసమడి రాములమ్మ ఏడుస్తూ వచ్చింది. మొగుడు పోయిన మనిషి, ఉన్నది ఆ ఒక్క మడి.

"అన్నా, నా మడి నెర్రెలు పట్టింది. పైనోళ్ళు ఒడ్డు కోసి అన్ని నీళ్ళు మలుపుకుంటున్నరు. నేను పోతే కొట్టనీకొచ్చిండ్రు."

ఆయన లేచి కూర్చున్నాడు. "నడు విజయా."

"యాడికి? నాలుగడుగులేస్తే ఆయాసమొస్తది."

"బండి మీద పోదాం. జగదీశ్‌ను పిలువు."

తూము దగ్గర అప్పటికే పారలు పట్టుకుని గుంపు చేరింది. ఒకరినొకరు అమ్మానక్కా తిట్టుకుంటున్నారు. ఆయన ఆటో దిగి, నా భుజం పట్టుకుని నడిచి, తూము రాయి మీద కూర్చున్నాడు. మెడ దగ్గర పట్టీ, ఉబ్బిన ముఖం. చాలామంది ఆయన్ను చూసి చాలా రోజులైంది. గుంపు దానంతటదే సద్దుమణిగింది.

"ఒడ్డు కోసినోళ్ళు ముందుగాల కట్టుండ్రి" అన్నాడు, ఊపిరి తీసుకుంటూ. "కాలువ సాఫ్ చెయ్యుండ్రి. నీళ్ళు కొసకు పోనియ్యుండ్రి. ఆడికెల్లి ఎనుకకు రావాలె."

తూము పక్క మడి మనిషి ఒకడు ఊరుకోలేక, "నీ పానమే బాగలేదు నాగన్నా. మా నీళ్ళ పంచాది నీకెందుకు?" అన్నాడు.

"నా నీళ్ళు మా విజయ చేతిల ఉన్నయి" అన్నాడు ఆయన. "మీ నీళ్ళు ఇంకా నా చేతిలనే ఉన్నయి."

ఒకడు నవ్వాడు. తర్వాత అందరూ పారలు భుజానేసుకుని కదిలారు. ఒడ్లు కట్టారు. తూము ఎత్తారు. నీళ్ళు నురగతో వచ్చి, ఆయన ఉబ్బిన పాదాలను తడుపుతూ కాలువలోకి పోయాయి. ఆయన వంగి దోసిలి నిండా నీళ్ళు తీసుకున్నాడు.

అక్కడున్న వాళ్ళందరూ ఆగిపోయారు. అంతమంది ముందు ఆయన్ను పిల్లాడిలా గద్దించలేకపోయాను. ఆయన దోసిలి నోటికి పెట్టుకుని, బుగ్గలు నింపుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు అట్లాగే ఉన్నాడు. ఆ తర్వాత పక్కకు తిరిగి ఉమ్మేశాడు. మిగిలిన నీళ్ళతో ముఖం కడుక్కున్నాడు. నా వైపు చూడలేదు. సాయంత్రానికి రాములమ్మ మడి తడిసింది.

కోతలైపోయాయి. మిషన్ మీద పడుకోబెడితే ఆయనకు బీపీ పడిపోవడం మొదలైంది. వణుకు, వాంతులు. సగంలోనే ఆపి పంపేవారు. చేతికి ఆపరేషన్ చేసి పైపు మార్చాలన్నారు, గుండె కూడా బలహీనమైందని హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. రోజా పోదామంది. నేనూ సర్దుకున్నాను. కొల్లాపూర్ మామిడిపళ్ళు బజారుకొచ్చిన కాలం. దవాఖాన ముందు బండి మీద కుప్పలు పోసి అమ్ముతుంటే, ఈయన ఆటోలోంచి వాసన చూసి, "బాగ పండినయి" అని మాత్రం అన్నాడు. ఆయనకు అవి కూడా వద్దన్నారు.

అదొక మిషన్ రోజు. జగదీశ్ ఆటో వచ్చి హారన్ కొట్టింది. నేను సంచి భుజానేసుకుని బయటికొచ్చాను. ఆయన అంగీ వేసుకోకుండా మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"అంగీ తొడుక్కో. జగదీశ్ నిలబడ్డడు."

"ఇయ్యాల పోను."

"ఏమైంది? జరమొచ్చిందా?"

"ఏం రాలేదు. ఇగ పోను విజయా."

నోటికొచ్చినవన్నీ అన్నాను. పిరికోడివన్నాను, నా ఉసురు తగులుతుందన్నాను, ఇన్నాళ్ళు నేను ఊరితో తిట్టించుకున్నది ఇందుకేనా అన్నాను. రోజాకు ఫోన్ కలిపి ఆయన చెవికి పెట్టాను. బిడ్డ ఏడ్చింది, బతిమాలింది. ఆయన అన్నీ విన్నాడు. జగదీశ్ లోపలికొచ్చి ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూశాడు. "నువ్వు పో బిడ్డా, వేరే కిరాయి చూసుకో" అన్నాడు ఆయన. ఆటో చప్పుడు మలుపు తిరిగేదాకా వినపడింది.

"ఆడ నెత్తురు కడిగించుకునుడు, ఈడికొచ్చి దూపకు ఏడ్సుడు" అన్నాడు. "కలల గూడ నీళ్ళే. పొద్దుగూకుల నీళ్ళ గురించి తప్ప ఇంకో ఆలోచన లేదు. మనిషి లెక్క లేను. నన్ను నీళ్ళు తాగి పోనియ్యి."

"నువ్వు పోతే నేనెట్లుండాలె?" అన్నాను. అంతకుముందు తిట్టినవన్నీ ఈ ఒక్క మాట చెప్పలేకనే.

"రోజా ఉన్నది. నువ్వుంటవ్."

అంతే అన్నాడు. నేను కింద కూర్చుని గట్టిగా ఏడ్చాను. పక్కింట్లో భీమమ్మవ్వకు వినపడే ఉంటుంది, రాలేదు. ఏడుపు అయిపోయాక పుస్తెలతాడు బయటికి తీసి తాళంచెవి విప్పబోయాను. చెమటకు తడిసి తడిసి ముడి బిగుసుకుపోయింది. గోళ్ళతో గీకినా రాలేదు. ఆయన నన్ను దగ్గరికి రమ్మని, వంగి పళ్ళతో ముడి లాగి విప్పాడు.

తలుపు తెరిచి, రంజన్‌లోంచి పెద్ద చెంబు నిండా ముంచి తెచ్చాను. చల్లగా, చెంబు బయట చెమర్చి ఉంది. రెండు చేతులతో అందుకుని తాగాడు. గొంతులో నీళ్ళు దిగే చప్పుడు వింటూ నిలబడ్డాను. సగం చెంబు దగ్గర ఆగి, నా చేతికిచ్చాడు.

"చాలా?" అన్నాను.

"ఇది నీ వంతు. ఎండలు మొదలైన సంది నా ముందర గుక్కెడు తాగలే నువ్వు. నాకు ఎరుకలేదనుకున్నవా?"

ఆయన ముందు కూర్చుని ఆ నీళ్ళు తాగాను. అవి ఎట్లున్నాయో నాకు చెప్పడం రాదు.

రోజా వచ్చి తండ్రి దగ్గరే ఉంది. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, మళ్ళీ ఒకసారి తీసుకురమ్మని, ఆయన రానంటే దగ్గర కూర్చోమని చెప్పింది. అడిగినప్పుడల్లా నీళ్ళిచ్చాను. రోజులు గడిచేకొద్దీ అడగడమే తగ్గింది. ఎక్కువసేపు నిద్రలోనే ఉండేవాడు. మెలకువ వచ్చినప్పుడు చెరువులోకి వాన నీళ్ళు ఎంతొచ్చాయని అడిగేవాడు. మిరుగు వాన, తొలకరి, ఇంకా పడలేదు. పడ్డదని అబద్ధం చెప్పాను.

ఒకనాటి పొద్దున ఊపిరి గురకలా మారింది. పిలిస్తే కళ్ళు తెరవలేదు. రోజా ఏడుపు విని వాడకట్టు లేచింది. ఏసురత్నం నాడి చూసి, నా వైపు చూసి తల దించుకున్నాడు. మా దగ్గర పోయే ప్రాణానికి తెలిసిన వాళ్ళంతా నోట్లో చెంచాడు నీళ్ళు పోస్తారు. నేను దక్షిణం దిక్కు తల పెట్టించి, చెంబులో నీళ్ళు, చెంచా పక్కన పెట్టాను. అందరికంటే ముందు భీమమ్మవ్వ వచ్చింది. వంగిన నడుముతో మంచం పట్టె పట్టుకుని నిలబడింది గాని చెంచా ముట్టలేదు.

"ఇప్పుడన్న పొయ్యనిస్తవా బిడ్డా?" అంది.

నేను పక్కకు జరిగాను.

ఆమె పోసింది. తర్వాత ఏసురత్నం. జగదీశ్. తూము పక్క మళ్ళ వాళ్ళు. తలుపులు మూసుకున్న ఇళ్ళన్నీ వచ్చాయి. ఒకరి వెనక ఒకరు నిలబడి, వంతు ప్రకారం వచ్చి, చెంచాడు చెంచాడు పోసి పోయారు. నీళ్ళు పెదాల చివర నుంచి కారితే రోజా కొంగుతో తుడిచింది. రాములమ్మ బాగా వెనక, గడప అవతల ఉంది. జనంలో ముందుకు రాలేక అక్కడే నిలబడి ఏడుస్తోంది. నేను చెంబులోకి తొంగి చూశాను. అడుగున కొన్ని నీళ్ళున్నాయి. చెంబు నా ఒడిలో పెట్టుకుని, ఆమె వచ్చేదాకా ఇంకెవరినీ ముట్టనివ్వలేదు.

రాములమ్మ వచ్చి పోసింది. ఆయన గొంతు కదిలింది. ఆ చెంచాడు నీళ్ళు కారిపోలేదు, లోపలికే పోయాయి. ఆ తర్వాత ఊపిరి రాలేదు.

కొసకు అందినయి అని ఆయన చెవిలో చెప్పాను.